మంచి డాక్టర్లు పాత చదువుతోనే వచ్చారు కదా, ఎంబీబీఎస్‌లో కొత్త బోధన ఎందుకు?

అడిగిన ప్రశ్న సబబే. తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో జరిగేదే ఉదాహరణగా చెబుతాను.

రాత్రిపూట చేనుకు నీళ్లు కట్టడానికి పోయిన రైతును రక్తపింజర కరిచిందనుకోండి. దాని విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అది తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో వంచి చూడాలి. పుస్తకంలో ఇదంతా ఒక్క పేరా. కానీ ప్లాస్టిక్ గొట్టం తీసుకున్నా, సబ్బుతో కడిగిన గొట్టం తీసుకున్నా ఫలితం తప్పుతుంది. ఆ సంగతి చేత్తో చేసి చూసినవాళ్లకే గుర్తుంటుంది. ముందు మంత్రం వేయిద్దామనే ఇంటివాళ్లకు నచ్చజెప్పడం మరో విద్య. సరిహద్దు ఊళ్లనుంచి వచ్చినవాళ్లయితే తమిళంలోనూ చెప్పాల్సిరావచ్చు.

ఎంబీబీఎస్‌లో 2019 నుంచి సామర్థ్యాల ఆధారంగా బోధన, అంటే చదివింది చేసి చూపగలిగేలా నేర్పే పద్ధతి, వచ్చింది. మొదటి ఏడాదే రోగులను చూడటం, మాటతీరు, నైతికత అందులో భాగమయ్యాయి. తర్వాత విద్యార్థులు పల్లె కుటుంబాలను దత్తత తీసుకునే పద్ధతి కూడా చేరింది. ఇది నిజంగా మంచి మార్పు. ఒకే ఇంటి బీపీని, షుగరును ఏళ్ల తరబడి గమనిస్తే, మందు ఎందుకు మానేశారో కూడా తెలుస్తుంది.

నా బాధల్లా పరీక్షల గురించే. మార్కులు ఇంకా ఎక్కువగా జ్ఞాపకశక్తికే పడితే, పిల్లలు వార్డు వదిలి గైడ్లే పట్టుకుంటారు. బొమ్మ మీద సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే చికిత్స) చేయించి, రోగితో మాట్లాడించి మార్కులివ్వాలి. అధ్యాపకులకూ ఇందులో శిక్షణ, సమయం కావాలి.