"నీకు నచ్చనిది ఇతరులకు చేయకు" అనే మాట నిజంగా అన్ని మతాల్లోనూ ఉందా? ఉంటే గొడవలెందుకు?

చాలా మతాల్లో ఉంది. మనకు బాగా తెలిసిన రూపం తిక్కనది: "ఒరులేయవి యొనరించిన నరవర యప్రియంబు తన మనంబునకగు, తానొరులకు నవి సేయకునికి..." అదే పరమధర్మం అంటాడు. ఒంటికాలి మీద నిలబడినంతసేపట్లో ధర్మశాస్త్రమంతా చెప్పమన్న ఒకాయనకు యూదు గురువు హిల్లెల్ చెప్పింది దాదాపు ఇదే. "మిగతాదంతా వ్యాఖ్యానం, వెళ్లి చదువుకో" అని కూడా అన్నాడట! చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ మాట కూడా ఇలాగే "చేయకు" అని ఉంటుంది. మత్తయి సువార్త 7:12లో ఏసు మాత్రం దాన్ని తిప్పి, ఇతరులు మీకేం చేయాలని కోరుకుంటారో మీరూ వారికి అదే చేయండి అన్నాడు. నా లెక్కలో ఇది ఇంకాస్త కష్టం. ఊరికే ఉంటే సరిపోదు కదా.

ఇక గొడవల సంగతి. అసలు చిక్కు "ఇతరులు" అంటే ఎవరు అన్నదగ్గరే. తనకు కోరుకున్నదే తన సోదరుడికీ కోరుకోనంతవరకు విశ్వాసి కాలేడని హదీసు, అంటే ముహమ్మద్ ప్రవక్త చెప్పిన మాట. ఆ సోదరుడు తోటి ముస్లిమా, ఏ మనిషైనానా అన్నదానిపై పండితుల్లో రెండు అభిప్రాయాలూ ఉన్నాయి. బైబిల్ లేవీయకాండం 19వ అధ్యాయంలో పొరుగువాణ్ణి ప్రేమించమని 18వ వచనం చెబితే, పరదేశినీ అలాగే ప్రేమించమని 34వ వచనం విడిగా చెప్పాల్సి వచ్చింది.

ఈ విషయంలో అశోకుడు సూటిగా మాట్లాడాడు. తన మతం మీద అభిమానంతో పరమతాన్ని నిందించేవాడు తన మతానికే ఎక్కువ హాని చేస్తాడని 12వ శిలాశాసనంలో చెక్కించాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి వెళ్తే ఆ శాసనాలున్న బండలు ఇప్పటికీ చూడొచ్చు.