నిమ్మగడ్డి నూనె మీద చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ (మైక్రోబయాలజీ, బోటనీ, కెమిస్ట్రీ) రెండో సంవత్సరం. కాలేజీ ప్రాజెక్టులో నిమ్మగడ్డి నూనె బ్యాక్టీరియాను ఆపేయడం చూసి, ఇక దీని మీదే చదువుతానంటోంది. ఇంట్లో అందరూ బీఎడ్ చేయించమంటున్నారు. నూనెల చదువుకు భవిష్యత్తు ఉందా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నిమ్మగడ్డి నూనె పట్టుకుని ఉద్యోగం వెతకొద్దండి. ఆ నూనెను పరీక్షించే విద్య నేర్పించండి. ఆ విద్య మందుల కంపెనీలో, సబ్బుల కంపెనీలో, ఆహార పరీక్షల ల్యాబ్‌లో, పరిశోధనలో అన్నిచోట్లా పనికొస్తుంది.

బ్యాక్టీరియాను పెంచే అగార్ ప్లేట్ మీద నూనె అద్దిన కాగితం బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం కనిపిస్తుంది. అమ్మాయి మనసు పడింది దానిమీదే. నాకూ ఆ వలయమంటే ఇష్టమే, కానీ చాలా రిపోర్టులు అక్కడే ఆగిపోతాయి. నూనె నీటిలో కలవదు కాబట్టి అగార్‌లోకి సరిగా పాకదు. పైగా ఆవిరై పక్క బిళ్ల దాకా పోతుంది. అందుకే వలయం చిన్నదైతే నూనె బలహీనమనీ, పెద్దదైతే మందు దొరికిందనీ అనుకోకూడదు. ఎంత తక్కువ మోతాదుకు బ్యాక్టీరియా పెరుగుదల ఆగుతుందో చూడాలి. దాన్నే ఎంఐసీ అంటారు. సూడోమోనాస్ లాంటి గ్రామ్ నెగటివ్ రకాల బ్యాక్టీరియాకు అదనంగా ఒక వెలుపలి పొర ఉంటుంది, దాని అడ్డంతో అవి నూనెను చాలాసార్లు తట్టుకుంటాయి. అది ఎందుకో అడిగే పిల్లకు ఈ రంగంలో చోటుంది.

ఈ విద్యలో రెండో సగం కెమిస్ట్రీ. నిమ్మగడ్డి నూనెలో ముఖ్యమైనది సిట్రాల్. నూనెలోని పదార్థాలను విడదీసి గుర్తించే జీసీ-ఎంఎస్ యంత్రంలో పెడితే అది నెరాల్, జెరానియల్ అని రెండు శిఖరాలుగా విడిపోయి కనిపిస్తుంది. కోత కాలం మారినా, సీసా వెలుతురులో నిలవ ఉన్నా పాళ్లు మారతాయి. ఏ నూనెలో ఏముందో రాయకుండా ‘బ్యాక్టీరియాను చంపింది’ అని రాస్తే ఆ ఫలితం మరొకరికి పనికిరాదు.

అందుకని ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేయించండి, జీసీ-ఎంఎస్ పని చేతికి వచ్చేలా చూడండి. తెలంగాణ యూనివర్సిటీలకు సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాయాలి. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయవచ్చు. పీహెచ్‌డీ వద్దనుకుంటే మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ మైక్రోబయాలజీ విభాగాలు ఉన్నాయి, హైదరాబాద్ చుట్టుపక్కల వాటికి కొరత లేదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో సుగంధ తైలాల కోసమే ఎఫ్ఎఫ్‌డీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. అక్కడ చిన్న కోర్సులూ నడుపుతారు.

బీఎడ్ సంగతికొస్తే, అది ఎమ్మెస్సీ తర్వాతా చేసుకోవచ్చు. ఇంట్లోవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఇప్పుడే దాన్ని నిర్ణయించాల్సిన తొందర మాత్రం లేదు.

ఈ సెలవుల్లోగా ఒక ప్లేట్ మళ్లీ వేయమనండి. నూనె కలపడానికి వాడిన ట్వీన్ 80 ఒక్కటే అద్దిన బిళ్ల ఒకటి, తెలిసిన యాంటీబయాటిక్ బిళ్ల ఒకటి, నూనెది ఒకటి. మూడుసార్లు చేసి, వలయాలను స్కేలుతో కొలిచి రాసుకోవాలి. సుగంధ మొక్కల మీద పనిచేసే లక్నో సీఎస్ఐఆర్-సీమాప్‌కు హైదరాబాద్ బోడుప్పల్‌లో కేంద్రం ఉంది. కాలేజీ లెటర్‌తో అక్కడ వేసవి ప్రాజెక్టు అడిగి చూడండి. వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ అమ్మాయి చేతిలో ఉండాలి.