ఆటల గది: ఓడలో ఒక్కరే మాట్లాడితే

పోయిన సంచికలో 'డెడ్ మెన్ టెల్ నో టేల్స్' అనే బోర్డ్ గేమ్ గురించి నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు పచ్చీసు మీద రాసినప్పుడు కూడా రాలేదు. ఆ సంచిక చూడనివారి కోసం ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. కేన్ క్లెంకో అనే ఆయన తయారుచేశారు, 2015లో వచ్చింది. ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఆడొచ్చు. ఆడేవాళ్లందరూ ఓడ దొంగలే, అందరిదీ ఒకే జట్టు. 'స్కెలిట్స్ రివెంజ్' అనే ఓడ తగలబడిపోతుంటే అందులోకి దూకి, అస్థిపంజరాల కాపలా దాటి, కావలసినన్ని నిధిపెట్టెలు పట్టుకుని ప్రాణాలతో బయటపడాలి. గెలిస్తే అందరూ గెలుస్తారు, లేకపోతే అందరూ మునుగుతారు. ఇక ఉత్తరాలు.

ప్రశ్న: ప్రతి ఆదివారం మా ఇంట్లో ఈ ఆట ఆడుతున్నాం. ఆడేది ఐదుగురం, ఆడించేది మాత్రం మా బావగారే. "నువ్వు ఆ గదిలోకి వెళ్లు, మంట రెండు తగ్గించు, కత్తి తమ్ముడికిచ్చెయ్" అంటారు. నేను పావు కదిపే చెయ్యిని మాత్రమే. ఆయన చెప్పేది చాలాసార్లు సరైనదే, అదింకా చిరాకు. అత్తగారి ముందు ఆయన్ని ఏమీ అనలేను. ఏం చెయ్యమంటారు?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: అమ్మా, మా ఇంట్లో మా అల్లుడు అచ్చం అదే బాపతు. కాబట్టి మీ బాధ నాకు చెప్పక్కర్లేదు.

ముందు బావగారి తరఫున ఒక మాట. తప్పు కొంత ఆటలోనే ఉంది. పేకాటలో ఎవరి ముక్కలు వాళ్లు దాచుకుంటారు, పక్కవాడి చేతిలో ఏముందో ఊహించుకోవడమే తప్ప దారి లేదు. ఇక్కడ దాచడానికి ఏమీ లేదు. ఏ గదిలో మంట ఎంత, ఎవరికి అలసట ఎంత, పిస్తోలు ఎవరి దగ్గరుంది, అన్నీ బల్ల మీదే కనబడుతుంటాయి. లెక్క త్వరగా వేయగలవాడు ఐదుగురి ఆటా తనే ఆడేయగలడు. ఇలాంటివారిని ఆల్ఫా ప్లేయర్ అంటారు. 2008లో 'పాండెమిక్' అనే ఆట వచ్చి ఈ రకం ఆటలు బాగా పాకాక, ఈ ఫిర్యాదు కూడా వాటితోపాటే పాకింది.

తమాషా ఏమిటంటే దీనికి మందు నిజం ఓడ దొంగల దగ్గరే ఉంది. బార్తొలొమ్యూ రాబర్ట్స్ అని ఒక దొంగ కెప్టెన్ ఉండేవాడు, 1722లో ఆఫ్రికా తీరంలో ఇంగ్లీషు యుద్ధ నౌకతో పోరులో చచ్చిపోయాడు. అతని ఓడలో పాటించిన కట్టుబాట్లు 1724లో లండన్‌లో అచ్చయిన ఒక పుస్తకంలో ఉన్నాయి. మొట్టమొదటి నియమం, ముఖ్యమైన ప్రతి విషయంలో ఓడలోని ప్రతి మనిషికీ ఓటు. దోపిడీ సొమ్ములో కెప్టెన్‌కీ, క్వార్టర్‌మాస్టర్‌కీ (ఓడలో జనం తరఫున రోజువారీ వ్యవహారాలు చూసే మనిషి) రెండేసి వాటాలు, ఫిరంగులు చూసేవాడిలాంటి వాళ్లకి ఒకటిన్నర, మామూలు మనిషికి ఒకటి. అంతే తేడా! ఆ కాలపు వ్యాపార ఓడల్లో కెప్టెన్ కొరడా పట్టుకుంటే అడిగే దిక్కు ఉండేది కాదు. అక్కడి నుంచి పారిపోయి వచ్చినవాళ్లు మళ్లీ అలాంటి కెప్టెన్‌ని నెత్తిన పెట్టుకుంటారా? పోరాడేటప్పుడు, ఒక ఓడని తరిమేటప్పుడు, తమనెవరైనా తరుముతున్నప్పుడు మాత్రం కెప్టెన్ మాటకి ఎదురు లేదు. మిగతా వేళల్లో క్వార్టర్‌మాస్టర్ చెప్పాలి, జనం ఒప్పుకోవాలి.

మా ఇంట్లో దీన్నే నియమంగా పెట్టుకున్నాం. వంతు ఎవరిదో వాళ్లే ముందు నోరు తెరవాలి. "నేను ఈ గదిలోకి వెళ్లి మంట తగ్గిద్దామనుకుంటున్నా" అని వాళ్లు చెప్పేదాకా ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయకూడదు. ఆ తర్వాత సలహా చెప్పొచ్చు, ఒక్కసారే. విని కాదంటే కాదన్నట్టే, రెండోసారి చెప్పకూడదు. ఇక తుపాకీమందు పీపా ఉన్న గదిలో మంట అంచుకు వచ్చిందనుకోండి, అప్పుడు ఎవరైనా అరవొచ్చు, అందరూ వినాలి. అది తరుముతున్న వేళ కింద లెక్క.

బావగారికి ఇంకో పని కూడా ఒప్పజెప్పండి. ప్రతి వంతు చివర కార్డు తిప్పడం, దాని ప్రకారం మంటల అంకెలు పెంచడం, కళాసీలను (ఈ ఓడలో మనకి అడ్డొచ్చే శత్రు సిబ్బందిని) కదపడం ఉంటుంది కదా, అదంతా ఆయన చేతికే ఇచ్చేయండి. మా అల్లుడికి ఇచ్చాక సగం నోరు మూతపడింది. ఆయనకి కావలసింది పెత్తనం కంటే పని అని అప్పుడు అర్థమైంది. మీరు చెప్పలేనంటారా, నియమాలన్నీ ఒక కాగితం మీద రాసి ఆట మొదలయ్యేముందు అత్తగారి చేత పైకి చదివించండి. ఆవిడ చదివితే ఆయన మాత్రం ఏం చేస్తారు?

ప్రశ్న: హాస్టల్లో నలుగురం ఆడుతున్నాం సార్. ఒక్కసారి కూడా గెలవలేదు. ఓడ పేలిపోతుంది, లేదా కళాసీలు నిండిపోతారు. ఆట తయారుచేసినవాళ్లకే గెలవడం వచ్చా అని డౌట్.
(ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

జవాబు: బాబూ, మీరు నిధి వెనక పరుగెత్తుతున్నారు. అందరూ మొదట్లో చేసేదదే. పెట్టె కనబడగానే ఆగలేరు.

ఈ ఆటలో శత్రువు మంట. ప్రతి గదిలో ఒక డైస్ ఉంటుంది, కొన్ని ఎరుపు, కొన్ని పసుపు. దాని మీద అంకే ఆ గదిలో మంట. 6కి చేరితే గది పేలిపోతుంది, పక్క గదుల్లో మంట ఎగుస్తుంది. అవి అప్పటికే 5లో ఉంటే అవీ పోతాయి. పీపా ఉన్న గదులు ఇంకా ముందే పేలతాయి. వంతు చివర తీసే కార్డు ఒక రంగు, ఒక అంకె చూపిస్తుంది, ఆ రంగులో ఆ అంకె ఉన్న డైస్‌లన్నీ పెరుగుతాయి. ఇక్కడే ఉంది కిటుకు. పసుపు డైస్‌లు నాలుగు 5 మీద ఉన్నాయనుకో, ఒక్క కార్డుతో నాలుగు గదులూ గల్లంతు. అందుకని ఒకే రంగు, ఒకే పెద్ద అంకె పక్కపక్కనే కూడకుండా చూడండి. అన్ని మంటలూ ఆర్పక్కర్లేదు, అది సాధ్యం కూడా కాదు. గుంపును విడగొడితే చాలు.

రెండోది, పనులు మిగిల్చుకోవడం. వంతుకి ఐదు పనులు. మిగిలినవి తర్వాతివాడికి ఇచ్చేయొచ్చని నియమాల్లోనే ఉంది, కానీ కొత్తవాళ్లు ఐదూ ఏదో ఒకదానికి ఖర్చుపెట్టేస్తారు. మంట ఎక్కువున్న గదిలోకి అడుగుపెడితే, నువ్వు వదిలిన గదికీ దీనికీ మంటలో ఎంత తేడా ఉందో అంత అలసట నీకు చేరుతుంది. అలసి ఉన్న నువ్వు ఇంకో గదిలోకి దూకి ఒళ్లు కాల్చుకునే బదులు, కాసేపు విశ్రాంతి తీసుకుని రెండు పనులు పక్కవాడికిస్తే వాడు ఏడు పనులతో ఒక మూల మొత్తం చక్కబెట్టేస్తాడు. కో-ఆపరేటివ్ (అందరూ ఒకే జట్టుగా ఆడే) ఆటల్లో ఇంత అందమైన ఏర్పాటు నేను ఇంకొకటి చూడలేదు. నా వంతులో నేను తక్కువ చేయడమే జట్టుకి మేలు అని ఒప్పుకోవడానికి కుర్రాళ్లకి టైమ్ పడుతుంది, నీ హాస్టల్లో ఇంకొంచెం ఎక్కువ పడుతుందేమో.

మూడోది చిన్నదే. కళాసీలు ఒకరిద్దరున్నప్పుడే పని పట్టండి. కాకినాడ రేవులో ఉద్యోగం చేసినవాణ్ని, కళాసీల మీద నాకే కోపమూ లేదు. ఈ ఓడలో మాత్రం గుంపుగా చేరారంటే ఇక అదుపు తప్పడమే.

అయినా ఓడిపోతారు, చాలాసార్లు. ఈ తరహా ఆటని ఎప్పుడూ గెలిచేట్టు తయారుచేస్తే మూడోసారికి పెట్టె అటక ఎక్కుతుంది.

ప్రశ్న: అమ్మానాన్నలు ఇండియా నుంచి ఆరునెలలకి వచ్చారు. మేం, పిల్లలు, వాళ్లు కలిపి ఆరుగురం. మీరు చెప్పిన ఆట ఐదుగురికే. 'ఫర్‌గాటెన్ వాటర్స్' కొనమని ఆఫీసులో ఒకరు చెప్పారు. అమ్మకి ఇంగ్లీష్ అంతంతమాత్రం. వర్కవుట్ అవుతుందా?
(ఒక పాఠకుడు, న్యూజెర్సీ)

జవాబు: అది 2020లో వచ్చిన ఆట, ముగ్గురి నుంచి ఏడుగురి దాకా ఆడొచ్చు. అదీ ఓడ దొంగలదే, అదీ అందరూ ఒక్కటే. కానీ స్వభావం పూర్తిగా వేరు. ఇది కథ. ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో యాప్ తెరిచిపెడితే, నటుల గొంతులతో కథ వినిపిస్తుంది, మీరు ఎంచుకున్నదాన్ని బట్టి మలుపు తిరుగుతుంది. ఒక్కో కథ రెండు మూడు గంటలకి తక్కువ కాదు. ఆరుగురైతే ఇంకా సాగుతుంది.

మీ అమ్మగారి సంగతే అసలు చిక్కు. ఆ కథంతా ఇంగ్లీషు, అదీ వెటకారం నిండిన ఇంగ్లీషు. జోకు విని మీరు నవ్వేశాక, ఆవిడకి తెలుగులో చెప్పేసరికి చల్లారిపోతుంది. అయితే ఒక దారి ఉంది. కథ వినిపించాక ఆపి, మీ పెద్ద పిల్ల చేత నాయనమ్మకి తెలుగులో చెప్పించండి. అమెరికాలో పెరిగిన పిల్ల "ఓడ తెరచాప చిరిగిపోయింది నానమ్మా" అని చెప్పడానికి తంటాలు పడుతుంటే, ఆ యాప్ జోకుల కంటే అదే ఎక్కువ నవ్వు తెప్పిస్తుంది. ఆటకు ముందు ప్రతివాళ్లూ తమ దొంగ గురించి ఒక కాగితంలో ఖాళీలు పూరించాలి, తర్వాత అవి కథలో వస్తాయి. అవి తెలుగులో రాసుకుంటే ఎవరు వద్దంటారు? మీ అమ్మగారి దొంగకి గోంగూర తప్ప ఏదీ సహించదని రాయండి.

పైన రాజమహేంద్రవరం పాఠకురాలికి కూడా ఇది పనికొస్తుంది. ఇందులో ఎవరు ఏ పని చేయాలో ఇసుక గడియారం పెట్టుకుని ఎంచుకోవాలి, పేరు మోసిన దొంగకి ముందు అవకాశం. పైగా ఓడ బాగుతోపాటు ఎవరి సొంత కథ వాళ్లు ముందుకి నడుపుకోవాలి. అందరికీ ఆజ్ఞలిచ్చే తీరిక ఎవరికీ ఉండదు.

ప్రశ్న: దొంగల్ని హీరోలుగా చూపించే ఆటలు పిల్లలకి నేర్పడం మీకు సబబుగా ఉందా? దోపిడీ చేసి గెలిస్తే చప్పట్లు కొట్టడమా?
(రిటైర్డ్ టీచర్, గుంటూరు)

జవాబు: మీరు అడిగింది న్యాయమైన మాట, మాస్టారూ. ఓటుహక్కు, వాటాలు అని పైన నేను మెచ్చుకున్నవాళ్లే చేసిన ఘోరాలు కూడా ఉన్నాయి. 1695లో హెన్రీ ఎవ్రీ అనే ఇంగ్లీషు దొంగ 'గంజ్-ఇ-సవాయి' అనే మొగలాయి ఓడని పట్టుకున్నాడు. అది మక్కా యాత్రికులతో సూరత్ తిరిగివస్తున్న ఓడ. రోజుల తరబడి అందులోని మనుషుల్ని హింసించారు, ఆడవాళ్లని చెరిచారు. ఔరంగజేబు మండిపడి సూరత్‌లోని ఇంగ్లీషు కంపెనీవాళ్లని ఖైదు చేయించాడు. ఎవ్రీ మాత్రం దొరకలేదు. ఇది మన సముద్రంలో జరిగిన కథ. ఆటపెట్టెల మీద నవ్వుతున్న ఒంటికన్ను బొమ్మల వెనక ఇదీ ఉంది.

మా మనవలకి నేను రెండూ చెప్పాను. పదేళ్లవాడు "మరి మనం ఎవరి ఓడ దోచుకుంటున్నాం తాతయ్యా?" అని అడిగాడు. 'డెడ్ మెన్ టెల్ నో టేల్స్'లో దోచుకునేది ఇంకో దొంగ ఓడని, ఎదురొచ్చేవి అస్థిపంజరాలు. యాత్రికుల ఓడని పట్టుకునే ఆట అయితే మా ఇంట్లోకి రానివ్వను. పిల్లలు దొంగ వేషం వేసుకున్నంత మాత్రాన చెడిపోతారని నాకు నమ్మకం లేదు. చరిత్ర చెప్పకుండా వేషం ఒక్కటే వేయిస్తే అప్పుడు మీ మాటే నిజం. ఇంకో ముక్క, మీకు నచ్చుతుందేమో చూడండి. రాబర్ట్స్ ఓడలో డబ్బు పెట్టి పేకాట, పాచికలాట నిషిద్ధం. రాత్రి ఎనిమిదికల్లా దీపాలు ఆర్పేయాలి. మన హాస్టళ్లలో వార్డెన్లు కూడా అంత పట్టింపుగా ఉండరు.

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. ఏ ఆటలో ఓడిపోయినా ఏడుస్తాడు. అందరూ కలిసి ఆడేదైతే ఏడవడని 'డెడ్ మెన్ టెల్ నో టేల్స్' కొందామనుకుంటున్నాం.
(ఒక తల్లి, హైదరాబాద్)

జవాబు: వద్దు తల్లీ, ఇప్పుడే కాదు. నియమాలు ఎక్కువ, పైగా చాలాసార్లు ఓటమే. ఏడేళ్లవాడికి కూర్చునే ఓపిక ఉండదు. 'ఫర్బిడెన్ ఐలండ్' చూడండి. 'పాండెమిక్' చేసిన మ్యాట్ లీకాక్‌దే, 2010లో వచ్చింది. ఓడ దొంగలు లేరు కానీ మునిగిపోతున్న దీవి ఉంది, అందులో నాలుగు నిధులు ఉన్నాయి. 24 పలకలు పేరిస్తే అదే దీవి. ఒక్కో పలక ముందు తడుస్తుంది, పట్టించుకోకపోతే ఏకంగా మునిగిపోతుంది. వంతుకి మూడే పనులు కాబట్టి చిన్నవాడికి అందుతుంది. డబ్బా మీద పదేళ్లు దాటినవాళ్లకని ఉంటుంది, పక్కన పెద్దవాళ్లుంటే మీవాడు ఆడేస్తాడు.

ఏడుపు మాత్రం పోదు, చెబుతున్నా. కాకపోతే "నేను ఓడిపోయా" అని ఏడ్చేవాడు "దీవి మునిగిపోయింది" అని ఏడుస్తాడు. అప్పుడు మీరూ కాస్త మొహం వేలాడేయండి, కష్టం పంచుకున్నట్టుంటుంది. మా మనవడు మునిగిన వెంటనే "మళ్లీ పేర్చు" అనేవాడు. మీవాడూ అంటే ఇంకోసారి పేర్చండి, ఈసారి నీటిమట్టం ఒక మెట్టు కింద నుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న: ఓడ దొంగల ఆట ఇద్దరమే ఆడితే బాగుంటుందా?
(కొత్తగా పెళ్లయిన జంట, విశాఖపట్నం)

జవాబు: ఆడొచ్చు. కానీ ఇద్దరే అయినప్పుడు మంటలు ఆర్పేవాళ్లు తక్కువ, ఓడ పెద్దదిగా అనిపిస్తుంది. సులువు స్థాయి దగ్గర మొదలుపెట్టండి. పైన బావగారి కోసం రాసిన నియమాలు మీ ఇద్దరిలో ఎవరికి కావాలో మీకు మొదటి ఆటలోనే తెలిసిపోతుంది, రెండో ఆటకి కాగితం రాసుకోండి.