మొదటిసారి హై-సీ చేయబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. పీహెచ్‌డీలో చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే మీ మేడమ్ హై-సీ నీ చేతికిచ్చారంటే నీ మీద గురి ఉన్నట్టే. టెన్షన్ పడుతున్నావని మాత్రం గొంతులోనే తెలిసిపోయింది. హై-సీ అంటే కేంద్రకంలో డీఎన్‌ఏలో ఏ చోటు దేనికి దగ్గరగా ఉందో పట్టడమే కదా: ఫార్మాల్డిహైడ్‌తో ఉన్నచోటే బిగించి (అదే ఫిక్సింగ్), ఎంజైముతో కోసి, పక్కపక్కనున్న చివరల్ని అతికించి, ఏది దేనికి అతుక్కుందో సీక్వెన్సింగ్‌తో చదవడం. ప్రోటోకాల్ ఎలాగూ నీ దగ్గరుంది, దాన్ని మళ్ళీ చెప్పను. అందులో రాయనివి నాలుగు మాటలు చెప్తాను.

ముందు ఒక పూట పైపెట్ పక్కన పెట్టి మైక్రోస్కోప్ దగ్గర కూర్చో. నువ్వు పెంచుతున్న కణాలకే డీఎన్‌ఏకు అంటుకునే డాపీ రంగు వేసి కేంద్రకాల్ని చూడు. ఒక్కో మనిషి కణంలో సుమారు 2 మీటర్ల డీఎన్‌ఏ ఉంటుంది, కేంద్రకం వెడల్పేమో 10 మైక్రాన్లు. దాన్ని ఒలిచిన కొబ్బరికాయంత చేసి ఊహించుకుంటే, వెంట్రుక కన్నా సన్నటి దారం 20 కిలోమీటర్లు అందులో కూరినట్టు. అయినా ఉండ చిక్కు కాదు. ఏ క్రోమోజోముకు ఆ క్రోమోజోము తన చోటులో ఉంటుంది. బోవెరి 1909లోనే ఈ మాట అన్నాడు, చాలామంది తర్వాత మరిచిపోయారు. జర్మనీలో క్రెమర్ సోదరులు కేంద్రకంలో ఒక చిన్న చుక్క మీదికి లేజర్ కొట్టి చూశారు. దారాలన్నీ కలగలిసి ఉంటే ఆ దెబ్బ చాలా క్రోమోజోముల మీద కనిపించాలి, కానీ కొన్నిటికే తగిలింది. 18, 19 క్రోమోజోములు దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. జన్యువులు తక్కువున్న 18 అంచుకు చేరుతుంది, ఎక్కువున్న 19 మధ్యలో ఉంటుంది. ఇదంతా కళ్ళముందు ఉంచుకుని పని మొదలుపెడితే, ట్యూబులో నువ్వు కాపాడుతున్నది ఏమిటో చేతికి తెలుస్తుంది.

ఇక ఫిక్సింగ్. సగం ప్రయోగాలు ఇక్కడే పోతాయి, పోయిన సంగతి రెండు నెలల తర్వాత గానీ తెలియదు. హై-సీకి ముందుతరం పద్ధతి త్రీ-సీ చేసే రోజుల్లో నాకు నాలుగు నెలలు ఇలాగే పోయాయి. అలమరలో ఎవరో ఎప్పుడో మూత తీసిన ఫార్మాల్డిహైడ్ సీసా ఉంటే అదే వాడుతూ వచ్చాను. ఎంజైమును తిట్టాను, కణాలను తిట్టాను, ఆఖరికి నన్ను నేను తిట్టుకున్నాను. సీసా మీద తేదీ రాయాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. నువ్వు మాత్రం ప్రతిసారీ కొత్త యాంప్యూల్ పగలగొట్టు. 1 శాతం, 10 నిమిషాలు, ఆ వెంటనే ఫార్మాల్డిహైడ్ పనిని ఆపే గ్లైసిన్. మీడియంలో సీరం ఉంటే అందులోని ప్రోటీన్లే ఫార్మాల్డిహైడ్‌ను కొంత మింగేస్తాయి కాబట్టి ముందు కణాల్ని కడుగు. ఫిక్సింగ్ తక్కువైతే పక్కపక్కన ఉన్నవి విడిపోతాయి, ఎక్కువైతే ఎంజైము లోపలికి పోలేదు.

ఎస్‌డీఎస్ (సబ్బులాంటి డిటర్జెంట్) దగ్గర కూడా చెయ్యి జాగ్రత్త. అది కేంద్రకాన్ని కాస్త వదులు చేయాలి, పగలగొట్టకూడదు. 2009లో వచ్చిన మొదటి హై-సీలో డీఎన్‌ఏను బాగా పలచగా చేసిన ద్రవంలో అతికించేవారు. 2014 నుంచి కేంద్రకం చెక్కుచెదరకుండానే లోపల అతికిస్తున్నారు. ఎక్కడెక్కడివో ముక్కలు గుడ్డిగా అతుక్కోవడం దాంతో తగ్గింది. ఎస్‌డీఎస్ అయ్యాక దాన్ని అణిచే ట్రైటాన్ వేయడం మరిచిపోయావో, నీ ఎంజైము పని అయిపోయినట్టే.

ప్రతి దశలోనూ కొంచెం తీసి దాచు. కోయకముందు, కోశాక, అతికించాక, మూడూ డీఎన్‌ఏ ముక్కల్ని సైజు వారీగా విడదీసే ఒకే జెల్ మీద నడుపు. పైన గట్టి బ్యాండు, తర్వాత కిందికి పరుచుకున్న మరక (స్మియర్), తర్వాత మళ్ళీ పైకి రావాలి. నువ్వు వాడే కోత ఎంజైము ఎంబో-1 కదా, అది కోసే చోటు జీ-ఏ-టీ-సీ. కోసిన చివరలు బయోటిన్ గుర్తున్న అక్షరాలతో నింపి అతికిస్తే ఆ నాలుగక్షరాలు రెండుసార్లు వరసగా వస్తాయి, వాటి మధ్యలో క్లా-1 అనే ఇంకో ఎంజైము కోసే చోటు కొత్తగా పుడుతుంది. ఒక జాయింటును పీసీఆర్ చేసి క్లా-1 వేసి చూడు. తెగితే నింపడం సరిగ్గా జరిగింది. ఇంత తేలికైన పరీక్షను బద్ధకించి వదిలేసేవాళ్ళను చాలామందిని చూశాను.

సీక్వెన్సింగ్ డబ్బంతా ఒకేసారి ఖర్చు చేయనివ్వకు. ముందు కొన్ని లక్షల రీడ్లు (చదివిన డీఎన్‌ఏ ముక్కలు) చాలు. ఒకే క్రోమోజోములోని రెండు చోట్లు అతుక్కున్న జతలే బాగా ఎక్కువ ఉండాలి. వేర్వేరు క్రోమోజోముల మధ్య జతలు కుప్పలుగా వస్తే లోతుగా పోవద్దు, వెనక్కి వెళ్ళి ఫిక్సింగ్ చూసుకో. ఇంకోటి, ఏ చోటు దేనితో ఎన్నిసార్లు అతుక్కుందో చూపే మ్యాపులో గడి సైజు సగం చేయాలంటే రీడ్లు నాలుగింతలు కావాలి. మీ మేడమ్‌తో బడ్జెట్ మాట్లాడేటప్పుడు ఈ లెక్క దగ్గర పెట్టుకో.

మ్యాపు వచ్చాక, తమలో తాము ఎక్కువ కలిసే ప్రాంతాలను చూపే ఆ ఎర్ర త్రికోణాలు చూసి మురిసిపోతావు, నేనూ మురిశాను. కానీ అది ఏ ఒక్క కేంద్రకం ఫోటో కాదు, లక్షల కణాల సగటు. లంగా బొందును మధ్యలో పట్టి రంధ్రంలోంచి లాగితే మెలిక పెరుగుతూ వస్తుంది చూడు, కొహీసిన్ అనే ప్రోటీన్ అలాగే డీఎన్‌ఏను లాగుతుంది. 2019లో విడి అణువుల మీద అది లాగుతుంటే మైక్రోస్కోప్‌లో చూశారు కూడా. ఎదురెదురుగా తిరిగిన రెండు సీటీసీఎఫ్‌లు (డీఎన్‌ఏను పట్టుకుని ఉండే ప్రోటీన్లు) ముడుల్లా తగిలితే ఆగుతుంది. నువ్వు ఫిక్స్ చేసిన క్షణాన ఒక కణంలో మెలిక సగమే వచ్చి ఉంటుంది, ఇంకోదాంట్లో అసలు మొదలే కాదు. అందుకే "ఈ రెండు చోట్లు తాకుతున్నాయి" అని రాయకు, "కలిసే అవకాశం ఎక్కువ" అని రాయి. ఏ రెండు చోట్ల మీద నీ థీసిస్ నిలబడుతుందో వాటికి ఫిష్ (ఆ చోట్లకు మెరిసే రంగు అంటించి చూసే పద్ధతి) చేసి, వంద కేంద్రకాల్లో దూరం కొలువు.

మెలిక కనబడగానే జన్యువుకు ముడిపెట్టడం ఇంకో తొందర. 2017లో కొహీసిన్‌ను కణాల్లోంచి తీసేస్తే మెలికలన్నీ పోయాయి, అయినా బాగా మారిన జన్యువులు కొన్నే. అలాగని తీసిపారేయనూ వద్దు, మెలిక ఆగే ఇలాంటి సరిహద్దు ఒకటి చెడిపోయి చేతివేళ్ళు వంకరగా పుట్టిన కుటుంబాల గురించి 2015లో రాశారు. రెండూ చదువు, రెండూ నిజమే.

(ఎలుక కంటిలోని రాడ్ కణాల్లో ఈ అమరికంతా తలకిందులు, గట్టిగా ముడుచుకున్న డీఎన్‌ఏ మధ్యకు చేరి చీకట్లో వెలుగును కూడగట్టే కటకంలా పనిచేస్తుంది. పనికి సంబంధం లేదు, నీకు నచ్చుతుందని చెప్పాను.)

మంగళవారం ఫిక్సింగ్ అన్నావు కదా. సోమవారం రాత్రే కణాల్ని లెక్కపెట్టి చూసుకో, 20 లక్షలకు తగ్గితే ఇంకో రెండు రోజులు ఆగు. మొదటి జెల్ ఫోటో వాట్సాప్‌లో పంపు, స్మియర్ బాగా రాకపోయినా పంపు.

మీ పెద్దమ్మ