మీటరు పెట్టిన ఇంట్లో

చిరంజీవి మేనకోడలికి, మామ ఆశీస్సులు.

మీ ప్రొద్దుటూరు ఇంట్లో టీవీకి రేటింగుల మీటరు పెడతామని, ఎవరు ఏ ఛానెల్ చూస్తున్నారో లెక్కగట్టే సంస్థ బార్క్ తరఫు మనుషులు అడిగారని, మీరు సరేనన్నారని ఫోన్‌లో చెప్పావు. మంచి పనే. నాతో చెప్పావు సరే, ఇక అక్కడితో ఆపేయమ్మా. మీటరున్న ఇల్లు ఏదో బయటికి పొక్కకూడదు. పక్కింట్లో గానీ, పెళ్లిళ్లలో గానీ ఆ ఊసెత్తొద్దు.

నేను యాడ్స్ పని చేసినన్నాళ్లూ గురువారం వచ్చిందంటే టెన్షనే. ఆ రోజు వచ్చే రేటింగులను బట్టే ఏ సీరియల్ మధ్య యాడ్‌కు ఎంతో తేలేది. దేశంలో టీవీ ఉన్న ఇళ్లు 20 కోట్లకు పైనే. మీటర్లున్నవి 50 వేల పైచిలుకు. అంటే మీరు పెట్టిన ఛానెల్ సగటున దాదాపు 4 వేల ఇళ్ల తరఫున లెక్కకెక్కుతుంది.

ఏ ఛానెల్ చూస్తున్నారో మీరు చెప్పక్కర్లేదు. ఛానెళ్లు తమ ఆడియోలో చెవికి వినపడని గుర్తు కలిపి పంపుతాయి, మీటరు దాన్ని పట్టేస్తుంది. ముందు కూర్చున్నది ఎవరో మాత్రం దానికి తెలీదు. అందుకే ఇంట్లో ఒక్కొక్కరికీ మీటరు రిమోట్‌లో ఒక్కో బటన్ ఇస్తారు. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మధ్యాహ్నం అవ్వ భక్తి ఛానెల్ పెట్టుకుని అట్లే కునుకు తీస్తుంది కదా. పిల్లోడు స్కూలు నుంచి వచ్చి క్రికెట్ పెడతాడు. వాడి బటన్ నొక్కకుండా, అవ్వది ఆఫ్ చేయకుండా వదిలేస్తే ఆ సాయంత్రమంతా క్రికెట్ చూసింది అవ్వే అవుతుంది. పొద్దున నువ్వు వంటింట్లో ఉగ్గాణి చేస్తూ ఊరికే మోగనిచ్చే టీవీ కూడా అంతే. చూడనప్పుడు నీ బటన్ ఆఫ్ చేసెయ్. మొదటి వారం పిల్లోడికే ఈ పని అప్పజెప్పు, పెద్దలకంటే వాళ్లకే గుర్తుంటుంది.

ఎవరైనా వచ్చి ఫలానా ఛానెల్ పెట్టి ఉంచండి, నెలనెలా డబ్బులిస్తామంటే గుమ్మంలోంచే పంపించెయ్. 2020 అక్టోబరులో ముంబై పోలీసులు పెట్టిన కేసు సరిగ్గా ఇలాంటి ఆరోపణ మీదే. దాని తర్వాత న్యూస్ ఛానెళ్ల రేటింగులు ఆగిపోయి, మళ్లీ 2022 మార్చిలో గానీ రాలేదు. కష్టపడి మంచి ప్రోగ్రాం చేసినవాడి నోటికాడి కూడు లాగేసే పని అది. మన ఇంట్లో జరగకూడదు.

మీటరు చూడ్డానికి వచ్చామన్న ప్రతివాణ్నీ గుర్తింపు కార్డు అడుగు. టీవీ వేరే గదిలోకి మార్చాలన్నా, కొత్తది కొన్నా, వైర్లు మీరు పీకకుండా ముందు బార్క్ వాళ్లకు ఫోన్ చెయ్.

మీ మామ