పిల్లలతో సలికాలం క్యాంపింగ్: మొదటి రాత్రి బాయికాడనే

ప్రశ్న: సంక్రాంతి సెలవులల్ల మా ఇద్దరు పిల్లలను (బాబుకు పదకొండు, పాపకు ఎనిమిది) మన్ననూరు దిక్కు తీస్కపోయి టెంట్ ఏసుకొని రెండు రాత్రులు ఉందామనుకుంటున్నం. సలికి తట్టుకుంటరా, తప్పిపోతే ఎట్ల అని మా అత్తమ్మ ఒకటే రంది పడుతున్నది. పోయేముందు పిల్లలకు ఏం నేర్పాలె? – ఒక తల్లి, దేవరకొండ

జవాబు: చెల్లే, మన్ననూరు, ఫరహాబాద్ దిక్కంతా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, అండ్ల మన ఇష్టమొచ్చిన కాడ టెంట్ ఏసుడు కుదరదు, ఫారెస్టోళ్ల కాటేజీలు ముందే బుక్ చేస్కొని అండ్లనే ఉండున్రి. టెంట్ ముచ్చట మాత్రం మీ బాయికాడ పెట్టుకోన్రి, నేర్పుడంతా ఆడనే అయితది.

సలి గాలిల ఉంటదనుకుంటం గానీ పండుకున్నోని వేడిని కింద నేల కూడ బాగ గుంజుతది. పిల్లలను ముందు ఒట్టి పట్టా మీద పావుగంట పండుకోనియ్యున్రి, తర్వాత వాళ్ల చేతులతోనే జానెడు మందం వరిగడ్డి పరిపియ్యున్రి, ఫరక్ వాళ్లకే తెలుస్తది, ఇగ మర్చిపోరు. ఇంట్ల గొంగడి ఉంటే తియ్యున్రి, ఉన్ని తడిసినా కొంత వెచ్చగనే ఉంటది, ఎట్ల కప్పుకోవాల్నో అత్తమ్మనే చూపియ్యమనున్రి. నూలు బనీను చెమటకు తడిస్తే ఒళ్లు ఇంకా సల్లవడుతది, అందుకే ఆడి వచ్చినంక పొద్దుగూకకముందే మార్చుకునుడు అలవాటు చెయ్యాలె. చెల్లె వణుకుతుంటే, మాట తడబడుతుంటే, గుండీ పెట్టుకోరాకుంటే వెంటనే పెద్దోళ్లకు చెప్పాలని బాబుకు చెప్పున్రి. వణుకు ఆగి మత్తుగ అయితే మాత్రం 108కి ఫోన్ చేసుడే.

తప్పిపోవుడు గురించే నాకు అన్నిటికన్నా ఎక్కువ పట్టింపు. తప్పిపోయిన పిల్లలు నడుస్తనే ఉంటరు, ఎంత నడిస్తే వెతికేటోళ్లకు అంత దూరమైతరు. ఒక చెట్టు పట్టుకొని ఆడనే ఆగాలె, మెడల విజిల్ ఉండాలె, మూడుసార్లు ఊది ఆగి మళ్ల మూడుసార్లు. కోయని కంది చేను ఉంటే అండ్ల ఆట లెక్క నాలుగైదుసార్లు చేపియ్యున్రి, కంది పిల్లల తల కన్నా ఎత్తుంటది గదా, నిజంగ తప్పిపోయినట్టే అనిపిస్తది. తిడతరని భయపడి, పిలిచినా పలకకుంట దాక్కునే పిల్లలుంటరు, అందుకే దొరికేసరికి ఎంతసేపైనా మేం తిట్టం అని ముందే మాటియ్యున్రి, ఇచ్చిన మాట మీద ఉండున్రి.

సలిమంట బయటనే, పండుకునేముందు నీళ్లు పోసి పూర్తిగ ఆర్పుడు పిల్లలతోనే చేపియ్యున్రి. ఎంత సలివెట్టినా బొగ్గుల కుంపటి టెంట్లకు తేవద్దు, దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండది, నిద్రలనే పాణం పోతది.