నాన్న ముక్కు మీది పుండుకు కరెంటు పెట్టించే ముందు

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో ఒకే మాట మూడుసార్లు అన్నావు, "కత్తి పెట్టకుండా కరెంటుతో అయిపోతుందట కదా పెద్దమ్మా, అదే చేయించేద్దాం" అని. మనం కరెంటు అంటున్నది రేడియేషన్‌నే. నీ కంగారు నాకు తెలుసు. మీ నాన్నకు 78 ఏళ్లు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు. చర్మం క్యాన్సర్ పుండేమో ముక్కు రెక్క మీద. కోత అనేసరికి మీ అమ్మకు నిద్ర పట్టడం లేదన్నావు. ఫోన్‌లో సగం సగం చెప్పేకన్నా తీరిగ్గా రాస్తే నువ్వు నాలుగుసార్లు చదువుకుంటావని కూర్చున్నాను.

31 ఏళ్లు రేడియేషన్ మెషీన్ దగ్గర పనిచేసినదాన్ని. డాక్టర్ని కాదు కాబట్టి ఏది చేయించాలో నేను తేల్చి చెప్పకూడదు. కానీ ఆ బల్ల మీద పడుకున్నవాళ్లకి మొదటి రోజు నుంచి ఆఖరి రోజు వరకు ఏం జరుగుతుందో, ఏళ్ల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆ చర్మం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూశాను. అదే చెబుతాను.

ముందు ముక్క పరీక్ష, అదే బయాప్సీ, రిపోర్టు తీసి చదువు. చర్మం క్యాన్సర్ అన్న మాట ఒకటే అయినా లోపల రకాలు వేరు. ఎక్కువ మందికి వచ్చేవి రెండు. బేసల్ సెల్ అనేది నెమ్మదిగా పెరుగుతుంది, ఇంకో అవయవానికి పాకడం చాలా అరుదు. కానీ వదిలేస్తే ఉన్నచోటే లోపలికి తినేసుకుంటూ పోతుంది. స్క్వేమస్ సెల్ కొంచెం దూకుడుది, కొద్దిమందిలో మెడ దగ్గర లింఫ్ గ్రంథుల్లోకి వెళుతుంది, అందుకని డాక్టర్ మెడ కూడా తడిమి చూడాలి. మెలనోమా అని ఇంకో రకం ఉంది, అదైతే దాని దారే వేరు, ఈ ఉత్తరంలో చెప్పేవి దానికి పనికిరావు. రిపోర్టులో రకం పేరుతో పాటు ఎంత లోతుకు వెళ్లింది, నరాల చుట్టూ పాకిందా అన్న మాటలు ఉన్నాయేమో చూడు. ముక్క పరీక్ష లేకుండా, చూపుతోనే చెప్పేసి కరెంటు మొదలుపెడదామని ఎవరన్నా అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యి.

ఇక నీ ప్రశ్న. చర్మం క్యాన్సర్‌కు కరెంటు పెట్టడం నిన్న మొన్న వచ్చింది కాదు. ఎక్స్‌రేలు కనిపెట్టింది 1895లో. నాలుగేళ్లు తిరక్కుండానే, 1899లో, స్వీడన్‌లో ఒకావిడ ముక్కు మీది క్యాన్సర్‌ను వాటితోనే నయం చేశారు. అంటే మీ నాన్నకున్న చోటే. చిన్న పుండ్లకు సరిగ్గా పెడితే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మళ్లీ రాదు. అయినా డాక్టర్లు ముందు ఆపరేషన్ మాటే ఎందుకు ఎత్తుతారో కూడా నీకు తెలియాలి. ఫ్రాన్స్‌లో ముఖం మీద 4 సెంటీమీటర్ల లోపు బేసల్ సెల్ ఉన్న 347 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆపరేషన్, ఇంకో జట్టుకు రేడియేషన్ ఇచ్చి చూశారు. ఫలితాలు 1997లో వచ్చాయి. నాలుగేళ్లకు ఆపరేషన్ జట్టులో 0.7 శాతం మందికి విఫలమైతే, రేడియేషన్ జట్టులో 7.5 శాతం మందికి విఫలమైంది. మచ్చ చూడ్డానికి బాగుందన్నవాళ్లు కూడా ఆపరేషన్ వైపే ఎక్కువ. అప్పటికీ ఇప్పటికీ మెషీన్లు మారాయి, నిజమే. కానీ కత్తి లేదు కాబట్టి ఇదే తేలిక, ఇదే మేలు అనుకోవడానికి మాత్రం లేదు.

మరి కరెంటు ఎవరికి మేలు? కోస్తే ముక్కు రెక్కో, కనురెప్పో, పెదవో, చెవో సగం పోయి, దాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఇంకో పెద్ద ఆపరేషన్ కావాల్సి వచ్చేవాళ్లకి. ఒంట్లో ఓపిక లేని పెద్దవాళ్లకి. అన్నీ విని, తెలిసే, నాకు కోత వద్దు అన్నవాళ్లకి. ఆపరేషన్ అయ్యాక అంచుల్లో క్యాన్సర్ మిగిలిందనో, నరాల చుట్టూ ఉందనో రిపోర్టు వస్తే తర్వాత కూడా ఇస్తారు, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక్క మాట. రక్తం పలచబడే మాత్రలున్నాయి కాబట్టి ఆపరేషన్ కుదరదని మీకు మీరే తేల్చేసుకున్నారు. చర్మం మీద చేసే చిన్న ఆపరేషన్లు ఆ చోటు వరకే మత్తిచ్చి చేస్తారు, చాలాసార్లు ఆ మాత్రలు ఆపకుండానే చేస్తారు. మోస్ సర్జరీ అని ఒకటుంది, పొర పొరగా తీసి, అప్పటికప్పుడే మైక్రోస్కోపు కింద అంచులు చూసి, క్యాన్సర్ ఉన్న వైపు మాత్రమే ఇంకొంచెం తీస్తారు. ముక్కు లాంటి చోట దానికి మంచి పేరుంది. అది అందుబాటులో ఉంటే ఆ డాక్టర్‌నీ, రేడియేషన్ డాక్టర్‌నీ ఇద్దర్నీ కలిశాకే నిర్ణయం తీసుకోండి. ఒక్కరి దగ్గరే కూర్చుంటే వాళ్ల చేతిలో ఉన్నదే మనకు గొప్పగా కనిపిస్తుంది. మాత్రల విషయం మాత్రం గుండె డాక్టర్ని అడగకుండా మీరుగా ఆపొద్దు.

కొందరికి కరెంటు వద్దంటారు, అవి మీ నాన్నకు లేవని నిర్ధారించుకో. అదే చోట ముందెప్పుడో రేడియేషన్ ఇచ్చి ఉంటే మళ్లీ పెట్టడం మంచిది కాదు. పుట్టుకతోనే చర్మం క్యాన్సర్లు వచ్చే జన్యు లోపాలున్నవాళ్లకి రేడియేషనే కొత్త క్యాన్సర్లు తెచ్చిపెట్టొచ్చు. లూపస్, స్క్లెరోడెర్మా లాంటి, ఒంటి రక్షణ శక్తి ఒంటి మీదే తిరగబడే జబ్బులున్నవాళ్ల చర్మం తట్టుకోలేకపోవచ్చు. మోకాలి కింద పుండైతే మానడం కష్టం. వయసులో ఉన్నవాళ్లకి కూడా డాక్టర్లు వెనకాడతారు, ఎందుకంటే కరెంటు పెట్టిన చర్మం పదేళ్లు, ఇరవై ఏళ్లు గడిచేకొద్దీ పలచబడి, రంగు మారి, ఎర్రటి సన్న రక్తనాళాలు పైకి తేలతాయి. ఎప్పుడో అక్కడే ఇంకో క్యాన్సర్ వచ్చే అవకాశం కూడా కొద్దిగా ఉంటుంది. 78 ఏళ్ల మనిషికి ఆ లెక్క వేరు, 40 ఏళ్ల మనిషికి వేరు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి.

మెషీన్ల పేర్లు వినేసరికి టెన్షన్ పడకు. పైపైన ఉన్న పుండుకు తక్కువ శక్తి ఎక్స్‌రేలు వాడతారు, వాటి బలం చర్మం మీదే ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తగ్గిపోతుంది. పెద్ద మెషీన్‌తో ఎలక్ట్రాన్లు ఇస్తే అవి చర్మం పైపొరకు కొంచెం తక్కువ అందుతాయి, అందుకని పైన మెత్తటి జెల్ బిళ్ల లాంటిది పరుస్తారు. దాన్ని బోలస్ అంటారు. మూడోది బ్రాకీథెరపీ. వంపులున్న చోట అచ్చులాంటిది అమర్చి, రేడియో ధార్మిక గింజను గొట్టం గుండా దగ్గరికి పంపి, పని అయ్యాక వెనక్కి లాగేస్తారు. ఈ మధ్య అల్ట్రాసౌండ్‌తో పుండు లోతు చూస్తూ ఇచ్చేవీ వచ్చాయి. కొత్తది కాబట్టి మంచిదనే ప్రచారానికి పడిపోవద్దు. ఈ పుండు లోతెంత, మీ మెషీన్ అంత లోతుకు సరిగ్గా అందిస్తుందా, ఇలాంటివి మీరు ఎన్ని చేశారు, ఇవి అడుగు. ఏ పద్ధతైనా సిట్టింగ్ అయ్యాక మనిషి ఒంట్లో రేడియేషన్ మిగలదు. మనవళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చా అని మీ అమ్మ అడిగింది కదా, నిక్షేపంగా కూర్చోబెట్టుకోవచ్చు.

అసలు తేల్చుకోవాల్సింది సిట్టింగులు ఎన్ని అన్నది. నువ్వు అడగనిది అదే. రోజుకు చిన్న మోతాదు, 2 గ్రే దాకా (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), వారానికి 5 రోజుల చొప్పున ఆరు వారాలు ఇవ్వొచ్చు. లేదా రోజు మోతాదు పెంచి 20 సిట్టింగుల్లోనో, 10లోనో, ఇంకా తక్కువలోనో ముగించొచ్చు. క్యాన్సర్ మీద పని రెండింట్లోనూ జరుగుతుంది. తేడా మామూలు చర్మానికి. చిన్న చిన్న మోతాదులైతే మధ్యలో అది బాగు చేసుకుంటుంది, ఏళ్ల తర్వాత మచ్చ మెరుగ్గా ఉంటుంది. పెద్ద మోతాదులైతే తర్వాత గట్టిపడటం, రంగు పోవడం ఎక్కువ. కానీ రోజూ కారెక్కించి తీసుకెళ్లాలి, మెట్లెక్కించాలి, వారంలో 5 రోజులు ఎవరో ఒకరు పని మానుకోవాలి. నడవలేని పెద్దవాళ్లని 30 రోజులు తిప్పి తిప్పి, 20వ రోజుకు ఇంక రాలేమని మానేసినవాళ్లను చూశాను. దానికన్నా 10 సిట్టింగులు పూర్తిగా చేయించుకోవడం వెయ్యి రెట్లు నయం. ఇంట్లో అందరూ కూర్చుని ఎన్ని రోజులు నిజంగా తీసుకెళ్లగలరో లెక్కేసుకుని, ఆ లెక్క డాక్టర్‌కి దాచకుండా చెప్పు.

మొదటి రోజు కరెంటు ఉండదు, కొలతలే. డాక్టర్ మంచి లైటు కింద పుండు అంచును పెన్నుతో గీస్తారు, దాని చుట్టూ ఇంకో 5 నుంచి 10 మిల్లీమీటర్లు వదిలి ఇంకో గీత గీస్తారు. కంటికి కనపడని వేళ్లు అక్కడిదాకా పోయి ఉంటాయని. ఆ గీత ప్రకారం సీసం రేకుకు కిటికీ కోసేది మేమే. ముఖానికి ఆనించి, అంచు ఒరుసుకోకుండా చూసి, కిటికీలోంచి పుండు పూర్తిగా కనపడుతోందా అని ఒంగి చూసేదాన్ని. ముక్కు రెక్క మీద కాబట్టి ముక్కు రంధ్రంలో కూడా మైనం పూసిన చిన్న సీసం ముక్క పెట్టొచ్చు, లోపలి గోడ కాలకుండా. కంటికి దగ్గరైతే చుక్కల మందు వేసి రెప్ప కింద చిన్న డాలు పెడతారు. మీ నాన్నకు ఇవి ముందే చెప్పి ఉంచు. చెప్పకపోతే భయపడి తల కదిపేస్తారు, చెప్తే రాయిలా పడుకుంటారు. రోజూ సిట్టింగ్ కొద్ది నిమిషాలే, నొప్పి ఉండదు. గదిలో ఒక్కరే ఉంటారు కానీ కెమెరాలో చూస్తూనే ఉంటాం, మాట్లాడితే వినపడుతుంది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. మొదటి రెండు వారాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఎర్రబడుతుంది, దురద పెడుతుంది, పొట్టు లేస్తుంది, రసి కారుతుంది, పక్కు కడుతుంది. చూసేవాళ్లకి పుండు పెద్దదైనట్టే కనపడుతుంది. ఒక పెద్దాయనకు 25 సిట్టింగులు రాశారు. 14వ రోజుకి ఇలాగే అయ్యింది. కాల్చేశారని ఇంట్లోవాళ్లు మానిపించేశారు. ఏడాదికి అదే చోట పెద్దదై తిరిగొచ్చింది. అప్పటికే సగం డోసు పడిన చోటు కాబట్టి మళ్లీ కరెంటు పెట్టే వీల్లేక, దేనికి భయపడి వచ్చారో ఆ ఆపరేషనే ఇంకా పెద్దగా చేయాల్సి వచ్చింది. ఇలా అవుతుందని మేము మొదటి రోజే వాళ్లింట్లో అందరికీ చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది. ఆ తర్వాత ఎవరొచ్చినా మూడో వారం ఎలా ఉంటుందో ముందే చెప్పకుండా బల్ల ఎక్కించలేదు. అయిపోయిన 4 నుంచి 6 వారాల్లో చాలామందికి అదే మానుతుంది. జ్వరం, చీము, పెరిగే నొప్పి ఉంటే మాత్రం వెంటనే చూపించండి.

ఆ రోజుల్లో గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బు, అద్ది తుడవడం, అంతే. పక్కు గిల్లనివ్వొద్దు. నిద్రలో చెయ్యి పోతుంది, గోళ్లు పొట్టిగా కత్తిరించు. ఆ చోట బ్లేడుతో గడ్డం గీయొద్దు, టేపు అంటించొద్దు, సెంటు తగలనివ్వొద్దు. తెలిసినవాళ్లు చెప్పిన లేపనాలేవీ రాయొద్దు, డాక్టర్ రాసిచ్చినవే. కళ్లజోడు అక్కడ ఒరుసుకుంటుందేమో చూడు, అది ఎవరికీ తట్టదు. సిగరెట్ ఇంకా మానలేదన్నావు. దానివల్ల మానడం ఆలస్యమవుతుందని డాక్టర్ చేతే చెప్పించు, నీ మాట వినరు.

మానాక ఆ చర్మం పక్క చర్మంలా ఉండదు. పాలిపోవచ్చు, నల్లబడొచ్చు, అక్కడ వెంట్రుక రాదు. అరుదుగా ముక్కు మృదులాస్థి దెబ్బతిని మానని పుండు పడొచ్చు, దాని గురించి ముందే అడుగు. ఎండలోకి వెళితే టోపీ, సన్‌స్క్రీన్ ఇక ఎప్పటికీ తప్పవు. ఒకసారి వచ్చినవాళ్లకి ఇంకోచోట ఇంకోటి వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి డాక్టర్ చెప్పిన గడువుకల్లా చూపించుకోవాలి, ఒళ్లంతా చూడమనాలి. చెవుల వెనక, నడినెత్తి, వీపు, ఇవి మనిషి తనకు తాను చూసుకోలేని చోట్లు.

రేపు పగటి వెలుతురులో ఆ పుండుకు పక్కన స్కేలు పెట్టి రెండు ఫోటోలు తీయి, ఒకటి ఎదురుగా, ఒకటి పక్క నుంచి. రిపోర్టు అన్ని పేజీలూ ఫోటో తీసి వాటితో పాటు పంపు. డాక్టర్ల దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రల చీటీ, పాత రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టుకో. మీ నాన్నను లోపలికి తీసుకెళ్లు, బయట కూర్చోబెట్టి మీరే మాట్లాడొద్దు. కోత కావాలో కరెంటు కావాలో ఆయన నోటితో చెప్పనివ్వండి. ఆ రోజు నేను ఫోన్ పక్కనే ఉంటాను.

మీ పెద్దమ్మ